మళ్లీ కొనుక్కోగలిగే కాఫీ గురించి రాయండి: సమీక్షకులకు బహిరంగ లేఖ

కాఫీ గింజలను రుచి చూసి, మార్కులు వేసి, మా వంటివారికి నాలుగు మాటలు చెప్పే సమీక్షకులందరికీ నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఎనిమిదేళ్లుగా ఒక చిన్న కాఫీ కొట్టు నడుపుతున్నాను. ఆరు బల్లలు, వేడినీటిని ఒత్తిడితో పొడి గుండా తోసి చిక్కటి కాఫీ తీసే ఎస్‌ప్రెస్సో మెషీన్ ఒకటి, రెండు గ్రైండర్లు. మీరు రాసేవన్నీ చదువుతాను. వచ్చే నెల గ్రైండర్‌లో ఏ గింజలు పోయాలో చాలాసార్లు మీ మాటను బట్టే తేల్చుకుంటాను. మీ నాలుక మీద నాకు ఏ అనుమానమూ లేదు. మీరు ఏ కాఫీలను ఎంచుకుంటున్నారు, ఏవి మీ బల్ల దాకా రాకుండానే ఆగిపోతున్నాయి అన్నదే నా బాధ. ఆ బాధ ఎక్కడ మొదలైందో ముందు చెబుతాను.

కిందటి ఏడాది వానలకు ముందు ఒక ఎస్‌ప్రెస్సో బ్లెండ్, అంటే వేర్వేరు గింజలు కలిపిన కాఫీ గురించి మీలో ముగ్గురు దాదాపు ఒకే వారంలో రాశారు. ముగ్గురూ మెచ్చుకున్నారు. నేను ఐదు కిలోలు తెప్పించాను. మీరు రాసింది నిజమే. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 28 సెకన్లలో, నూలుపోగులా తెగకుండా దిగేది. పాలు పోసినా బెల్లపు పాకం లాంటి రుచి కప్పు అడుగు దాకా ఉండేది. రెండు నెలలకు మళ్లీ తెప్పించాను. అదే పేరు, అదే సంచి, సంచి మీద అదే బొమ్మ. గ్రైండర్‌ను కదపకుండా అదే 18 గ్రాములు వేస్తే 19 సెకన్లకే 36 గ్రాములూ దిగిపోయాయి. ధార మొదటి నుంచీ పాలిపోయి ఉంది. పొడి ఇంకొంచెం మెత్తగా పట్టి 27 సెకన్లకు తెచ్చాను. పులుపు తగ్గలేదు, పాలు పోస్తే కాఫీ జాడే లేదు. రోజూ ఉదయం ఏడు గంటలకు వచ్చే లెక్కల మాస్టారు ఒకరున్నారు, పదవీ విరమణ చేసి పదేళ్లయింది. ఆయన రెండు గుక్కలు తాగి, కప్పు పక్కకు జరిపి, "ఇవాళ్టి కాఫీ మీది కాదండీ" అన్నారు. గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉన్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ గింజలు వేయించి అమ్మే రోస్టర్‌కు ఫోను చేస్తే, "ఆ తోట గింజలు అయిపోయాయండీ, దగ్గరగా ఉండే వేరేవి వేశాం" అన్నారు. సంచి మీద ఒక్క అక్షరం కూడా మారలేదు. మీ సమీక్షలూ మారలేదు. ఎవరైనా ఈ రోజు ఆ బ్లెండ్ గురించి వెతికితే, ఇప్పుడు ఎక్కడా దొరకని కాఫీకి మీరు వేసిన మార్కులే కనిపిస్తాయి.

ఒకే తోట నుంచి వచ్చిన గింజలు ఏడాదికి ఒక రకంగా ఉంటే నేను తప్పు పట్టను. వాన ముందు పడుతుంది, పూత ఆలస్యమవుతుంది, పండు ఎండే రోజుల్లో మబ్బు పడుతుంది. బ్లెండ్ సంగతి వేరు. మన దేశంలో కాఫీ ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట. కాఫీలో ప్రధానంగా రెండు రకాలు: అరబికా సుమారుగా నవంబరు నుంచి జనవరి దాకా కోతకు వస్తుంది, రోబస్టా దాని వెనకాలే. ఆ ఒక్క పంటతో పన్నెండు నెలలూ ఒకే రుచి ఇస్తామని రోస్టర్ ఇచ్చే మాటే బ్లెండ్. ఒక తోట గింజ తగ్గితే ఇంకొక తోటది పెంచుతాడు, వేయింపును అర నిమిషం అటూ ఇటూ జరుపుతాడు, కప్పులో మాత్రం తేడా తెలియనివ్వడు. అది చాలా కష్టమైన పని. ఆ పనితనం ఒక్క సంచిని ఒక్క వారం తాగితే బయటపడదు. నాలుగు నెలల ఎడంతో రెండు సంచులు కొని, రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని చూస్తేనే తెలుస్తుంది.

అందుకే నా మొదటి విన్నపం ఇది. పాఠకుడు మళ్లీ కొనుక్కోగలిగిన బ్లెండ్‌నే ఎంచుకోండి. అరవై సంచులు చేసి అమ్మేసి, మళ్లీ ఎన్నడూ చేయని గింజల గురించి రాయాలనిపిస్తే అది మీ ఇష్టం, అలాంటివి చదవడం నాకూ ఇష్టమే. కానీ దాన్ని సమీక్ష అని పిలవకండి. అది ఒక జ్ఞాపకం. నేను సమీక్ష చదివేది కొనడానికి.

ఇక ఇంటికి వచ్చే సంచుల సంగతి. మీకు కాఫీ పంపే రోస్టర్ తన గోదాములో ఉన్న మంచి గింజనే ఎంచుతాడు, బాగా కుదిరిన వాయి నుంచే తీస్తాడు, మీరు తెరిచే రోజుకు సరిగ్గా వారమో పది రోజులో అయ్యేలా పంపుతాడు. అందులో మోసం ఏమీ లేదు, ఎవరైనా చుట్టం వస్తే మంచి గిన్నెలే తీస్తారు. కానీ నాకు వచ్చేది ఆ సంచి కాదు. దుకాణం అరలో నెల రోజులు నిలబడినది నాకు వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. మీరు కడపంక్తిలో కూర్చున్న మా విస్తరి చూసి రాయాలి.

కాఫీ కొనడానికి డబ్బు కావాలని నాకు తెలుసు. పావు కిలో సంచి ఐదారు వందలు పలుకుతోంది. నెలకు ఎనిమిది రాసేవారు రెండే రాయండి, పాఠకులకు నష్టం లేదు. ఉచితంగా వచ్చినదాని గురించే రాయాల్సివస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. ఉచితంగా అందిన వస్తువు గురించి రాసేటప్పుడు ఆ విషయం బయటపెట్టాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీలో కొందరు ఆ మాటను అందరికన్నా కింద, చిన్న అక్షరాల్లో పెడుతున్నారు. పెద్ద అక్షరాల్లో పెడితే మీ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించే విషయానికి వస్తాను. అది రోబస్టా.

మన దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం రోబస్టాయే. మీ సమీక్షల్లో అది పది సంచుల్లో ఒకదానిలో కూడా కనిపించదు. కనిపించినా "రోబస్టా ఉన్నా ఫరవాలేదు" అన్న ధోరణిలో ఒక మాట. ఎస్‌ప్రెస్సో పుట్టిన ఇటలీనే చూడండి. 1901లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న మెషీన్ ఆవిరి ఒత్తిడితో నడిచేది, దానితో వచ్చే కాఫీ మీద ఇప్పుడు మనం చూసే నురగ ఉండేది కాదు. 1940ల చివరలో అకిల్లె గాజ్జా స్ప్రింగు మీటతో నీటిని ఎక్కువ ఒత్తిడిలో తోసే పద్ధతి తెచ్చాక కప్పు మీద బంగారు రంగు నురగ, అంటే క్రెమా నిలిచింది. ఆ క్రెమా దట్టంగా ఉండాలని, పాలల్లో కాఫీ ఓడిపోకూడదని ఇటలీ రోస్టర్లు తరాలుగా తమ బ్లెండ్లలో రోబస్టా కలుపుతున్నారు. వాళ్లు ఆ రోబస్టా ఎక్కడ కొంటారు? మన కాఫీని ఏళ్ల తరబడి అందరికన్నా ఎక్కువగా కొంటున్న దేశం ఇటలీ. కొడగులో, వయనాడులో పండించి, తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన రోబస్టా ఓడ ఎక్కి వెళుతుంది. అందులో కొంత అందమైన డబ్బాల్లో ఇటలీ పేర్లతో మళ్లీ మన దుకాణాలకే వస్తుంది. ఆ డబ్బాను మీరు సమీక్షిస్తారు. అదే గింజను మన రోస్టర్ ఇక్కడే వేయించి, సంచి మీద నిజాయతీగా "40 శాతం రోబస్టా" అని రాస్తే దాన్ని పక్కన పెడతారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అన్ని రోబస్టాలూ మంచివని నేను అనడం లేదు. నేలమీద ఆరబెట్టి, పండూ పచ్చీ కలిపి అమ్మేసిన రోబస్టా కాలిన రబ్బరు వాసన వేస్తుంది, దాన్ని ఏ వేయింపూ దాచలేదు. కాపీ రాయల్ అనే శ్రేణి పేరుతో అమ్మే కడిగిన రోబస్టాను తాగి చూడండి. వేరుశనగ పొట్టు, కోకో, కొద్దిగా మిరియపు ఘాటు. అందులో కెఫీన్ అరబికాతో పోలిస్తే దాదాపు రెట్టింపు, అందుకే మోతాదు తెలిసి కలపాలి. ఆ మోతాదు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది మీరు మాకు చెప్పాల్సిన విషయం.

దీనికి మార్కులు వేసే పద్ధతి కూడా ఒక కారణమని నా అనుమానం. కప్పింగ్ అనే రుచి పరీక్షలో గింజను లేతగా వేయించి, కాస్త బరకగా పొడి చేసి, 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల చొప్పున వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలకు పైతెట్టును విరిచి, చెంచాతో జుర్రి రుచి చూస్తారు. పచ్చి గింజ కొనేవారికి అది గొప్ప పద్ధతి. తోటలోని లోపం ఏదైనా అందులో దొరికిపోతుంది. కానీ ఎస్‌ప్రెస్సో కోసం ముదరగా వేయించి, తొమ్మిది బార్ల ఒత్తిడి కోసం, పాల కోసం కూర్చిన బ్లెండ్‌ను ఆ చెంచాతో కొలవడం, ఆవకాయను అన్నంలో కలుపుకోకుండా ఒట్టిగా నాకి ఉప్పెక్కువైందని తీర్పు చెప్పడం లాంటిది. నా కొట్టులో పది కప్పుల్లో ఎనిమిది పాలతోనే వెళతాయి. మీ పాఠకుల ఇళ్లలోనూ అంతే అయి ఉంటుంది. బ్లెండ్‌ను ఎంచుకునేటప్పుడే అది దేని కోసం చేశారో అడగండి. పాల కోసం చేసినదైతే పాలతో తాగి రాయండి.

సంచి మీద ఏముందో చూసి ఎంచుకోవడం గురించి ఒక మాట. మన వీధి కొట్లో దొరికే చికోరీ కలిపిన కాఫీ పొడి పొట్లం తీసి చూడండి. కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. అలా వేయాలని, కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. అంత చవక పొట్లానికి ఉన్న ఆ పద్ధతి ఆరు వందల రూపాయల ఎస్‌ప్రెస్సో బ్లెండ్‌కు ఎందుకు లేదు? "ఎంపిక చేసిన తోటల నుంచి" అంటారు. ఏ తోట, ఏ జిల్లా, అరబికా ఎంత, రోబస్టా ఎంత, కడిగినదా పండుతోనే ఎండబెట్టినదా, ఒక్కటీ ఉండదు. వేయించిన తేదీ బదులు "తొమ్మిది నెలలలోగా వాడండి" అని ఉంటుంది. వేయించిన తేదీ లేని సంచిని, పాళ్లు చెప్పని బ్లెండ్‌ను మీ జాబితాలోకి రానివ్వకండి. వాళ్లకు ఉత్తరం రాసి అడగండి, చెబితే సమీక్షించండి. మేము అడిగితే వినరు, మీరు అడిగితే వింటారు.

తేదీ ఎందుకు అంత ముఖ్యమో మెషీన్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. వేయించి రెండు రోజులే అయిన గింజలతో తీస్తే క్రెమా ఉబ్బిపోయి, సబ్బు నురగలా పెద్ద పెద్ద బుడగలతో లేచి, నిమిషంలో చప్పబడిపోతుంది. గింజలో ఉన్న వాయువు ఇంకా వెళ్లలేదు. వారం, పది రోజులకు ధార సర్దుకుంటుంది. రెండు నెలలు దాటాక ఎంత మెత్తగా పట్టినా నీరు పరుగెడుతుంది. మీ సమీక్షలో వేయించిన తేదీ, మీరు తాగిన తేదీ రెండూ ఉంటే, నా కప్పు ఎందుకు తేడాగా ఉందో నేను సగం అక్కడే అర్థం చేసుకుంటాను.

విశాఖలో ఉండి అరకు గురించి రాయకుండా ఉండలేను. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడు రోబస్టాకు కూడా వచ్చింది. అరకు గుర్తింపులో చెప్పినది 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, ఆంధ్రప్రదేశ్, ఒడిశా కొండల్లో పండే కాఫీ. సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్లకు మిరియపు తీగలు పాకించి, ఎకరం రెండెకరాల్లో ఆదివాసీ రైతులు పండించేది. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచినప్పుడు ఇక్కడ మేమంతా మిఠాయి పంచుకున్నంత సంబరపడ్డాం. ఆ పేరు విలువ పెరిగిన కొద్దీ దాన్ని సంచి మీద పెద్ద అక్షరాల్లో వేసి, అరకు గింజ ఎంత శాతమో ఎక్కడా చెప్పని బ్లెండ్లు నా చేతికి వచ్చాయి. అలాంటి సంచి మీ ఇంటికి వస్తే మొదటి ప్రశ్న అదే కావాలి. పాడేరు కొండల్లో పండ్లను ఒక్కొక్కటిగా ఏరి బుట్ట నింపిన మనిషికి ఆ పేరు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ పేరును పలుచన చేసే బ్లెండ్‌కు మీరు చోటిస్తే ఆ నష్టం నేరుగా ఆయనకే.

అరకు గింజను ఒంటరిగా ఎస్‌ప్రెస్సోలో తీస్తే, లేత వేయింపులో, మా వైపు నాలుకలకు పులుపు కొంచెం ఎక్కువనిపిస్తుంది. ఇంకొంచెం ముదర వేయించి, మూడో వంతు మంచి రోబస్టా కలిపితే నా లెక్కలో దానికి సాటి లేదు. ఇది నా కొట్టు అభిప్రాయం. మీరు వేరేలా తేలిస్తే కారణాలతో చెప్పండి, నేర్చుకుంటాను.

మీ దాకా ఎన్నడూ రాని రోస్టర్లు కొందరున్నారు. మన ఊళ్లలో తాతల కాలం నుంచి కాఫీ పొడి కొట్లు నడుపుతున్నవారు. పీబెర్రీ, ప్లాంటేషన్ ఎ, రోబస్టా చెర్రీ అనే మూడు రకాల గింజల డబ్బాలు ముందు పెట్టుకుని, వచ్చినవారి ఇంటి అలవాటును బట్టి పాళ్లు కలిపి, కళ్ల ముందే మర పట్టి ఇచ్చేవారు. కలపడంలో వాళ్లకున్న అనుభవం కొత్త రోస్టర్లలో చాలామందికి లేదు. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో అలాంటి పెద్దాయన దగ్గరకు నేను మూడేళ్ల కిందట వెళ్లాను. చికోరీ వద్దు, మెషీన్‌కు సరిపడే బ్లెండ్ కావాలన్నాను. ఆయన నా కప్పులో ఉన్న లేత వేయింపు కాఫీని పాలతో రుచి చూసి, "పులుపు పాలల్లో విరిగినట్టుంటుంది బాబూ, కొంచెం ముదరనివ్వాలి" అన్నారు. డ్రమ్ము తిరుగుతుంటే దానికి చెవి ఒగ్గి నిలబడ్డారు. గింజలు చిటపటమని పగలడం మొదలైంది, ఆగింది. ఆయన చిన్న గరిటెతో నాలుగు గింజలు తీసి అరచేతిలో వేసుకుని ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకా ముప్పై లెక్కపెట్టి డ్రమ్ము తలుపు తీశారు. గోధుమ రంగు గింజలు పళ్లెంలోకి జలజలా రాలాయి. చేతిలో గడియారం లేదు, గోడ మీద ఉష్ణమాపకం ఉంది కానీ ఆయన దానివైపు చూడలేదు.

ఆ గింజలే ఇప్పుడు నా రెండో గ్రైండర్‌లో ఉన్నాయి. మూడేళ్లలో దాదాపు నలభై సార్లు తెప్పించి ఉంటాను. గ్రైండర్‌ను ఎక్కువ జరపాల్సి వచ్చింది రెండే సార్లు, ఆ రెండు సార్లూ ఆయనే ముందు ఫోను చేసి "ఈసారి ప్లాంటేషన్ కొంచెం గట్టిగా ఉంది, చూసుకోండి" అని చెప్పారు. లెక్కల మాస్టారు తాగేది ఆ కాఫీయే. మీకు సంచి పంపాలని ఆ పెద్దాయనకు తెలియదు, పంపమని నేను చెప్పినా పంపరు. ఇలాంటివారు ప్రతి జిల్లాలో ఉన్నారు. మీరే బస్సెక్కి వెళ్లి కొనాలి. ఏడాదికి ఇద్దరిని వెతికి పట్టుకున్నా, వారి గురించి మీరు రాసినది మీ పాత సమీక్షలన్నిటికన్నా ఎక్కువ కాలం జనం గుర్తుపెట్టుకుంటారు.

నచ్చని కాఫీ గురించి రాయాలా వద్దా అని మీలో కొందరు మథనపడుతున్నారు. నా మాట ఇది. ఆరు నెలల కిందట ఒక గదిలో చిన్న మెషీన్ పెట్టుకుని మొదలుపెట్టిన వారి బ్లెండ్ బాగోలేకపోతే వాళ్లకే ఫోను చేసి చెప్పండి, ఇంకో ఆరు నెలలు ఆగండి. ప్రతి ఊళ్లో, ప్రతి సూపర్ మార్కెట్‌లో అమ్మే పెద్ద సంస్థ బ్లెండ్ బాగోలేకపోతే తప్పకుండా రాయండి. అక్కడ మొహమాటపడితే ఆ కాఫీ కొన్న వేలమందికి అన్యాయం చేసినవారవుతారు. మొహమాటం చిన్నవాడి దగ్గర చూపిస్తే దయ, పెద్దవాడి దగ్గర చూపిస్తే భయం.

మీలో ఎక్కువమంది లక్షల ఖరీదు చేసే మెషీన్ల మీద రుచి చూస్తున్నారు. నా దగ్గర గింజలు కొనుక్కెళ్లేవారిలో చాలామంది ఇంట్లో ఉన్నది చిన్న మెషీన్ లేదా పొయ్యి మీద పెట్టుకునే మోకా పాత్ర. ఒక్క గ్రాము తేడాకే పాడైపోయే బ్లెండ్ వాళ్లకు పనికిరాదు. కొంచెం అటూ ఇటూ అయినా తాగదగ్గ కప్పు ఇచ్చే బ్లెండ్ ఏదో మీరు చెబితే వాళ్ల నెల బడ్జెట్‌లో ఆరు వందలు వృథా కావు.

ఈ ఏడాది కొత్త పంట వేసవిలో రోస్టర్ల గోదాములకు చేరుతుంది. బ్లెండ్లలో గింజలు మారేది అప్పుడే. అందుకని ఒక పని చేయండి. మీకు నచ్చిన ఐదు బ్లెండ్లు, ఏ దుకాణంలోనైనా దొరికేవి, ఫిబ్రవరిలో ఒక్కో సంచి మీ డబ్బుతో కొని తాగి రాసి పెట్టుకోండి. అచ్చు వేయకండి. జూన్‌లో అవే ఐదూ మళ్లీ కొనండి. రెండు సంచుల తేదీలు, పాళ్లు, రెండు కప్పుల రుచి పక్కపక్కన పెట్టి అప్పుడు అచ్చు వేయండి. మీకు మెషీన్ కావాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత మా కొట్టులో రద్దీ ఉండదు. పాలు, నీళ్లు, శుభ్రం చేసిన గ్రైండర్ సిద్ధంగా పెడతాను. మాస్టారిని కూడా పిలుస్తాను.

ఇట్లు,
విశాఖపట్నంలో ఒక కాఫీ కొట్టు యజమాని